ప్యాచ్ వేశాం కదా, ఇంకేం?

వైజాగ్‌లో చిన్నా పెద్దా ఆఫీసుల్లో సర్వర్లు చూసుకునేవాళ్లం, ఇంకా కొందరు ఇంజినీరింగ్ పిల్లలు, ఒక శనివారం సాయంత్రం సిరిపురం దగ్గర కలిసి కూర్చున్నప్పుడు ఒక సీనియర్ సిస్టమ్ అడ్మిన్ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.

వెనక వినిపిస్తోందా? ఆ ఫ్యాన్ కొంచెం తగ్గిస్తారా ఎవరైనా, మైకులో గాలి కొడుతోంది. వద్దులెండి, ఉండనివ్వండి. తగ్గిస్తే ఈ ఉక్కకి మీరు లేచి బీచికి పోతారు.

నన్ను పిలిచినవాళ్లు ఎన్‌క్రిప్షన్ గురించి చెప్పమన్నారు. ముందే ఒప్పేసుకుంటున్నా, నాకు ఎన్‌క్రిప్షన్ లెక్కలు రావు. ఇక్కడ కూర్చున్న పిల్లలకే నాకన్నా బాగా వచ్చుంటాయి. నాకు వచ్చిందల్లా సర్వర్ ఆపడం, మళ్లీ లేపడం. ఆపడానికీ లేపడానికీ మధ్యలో నేను చేసిన తప్పులు కొన్ని ఉన్నాయి, అవి చెప్తాను. మీరు మీ తప్పులు చేసుకోండి, నావి మళ్లీ చెయ్యకండి.

2014 ఏప్రిల్ 8, మంగళవారం. ఆ రోజు ఏమిటో ఎవరికైనా గుర్తుందా? శ్రీరామనవమి. అదే రోజు విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది, మా ఆఫీసులో సగం కంప్యూటర్లు ఎక్స్‌పీయే, వారం రోజులుగా మా టెన్షన్ అంతా దాని గురించే. అటు చూస్తుంటే ఇటు నుంచి వచ్చి కొట్టింది. ముందు రోజు రాత్రి మనకి పొద్దుపోయాక ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లు, అంటే వెబ్‌సైట్ల ఎన్‌క్రిప్షన్‌కి లోకమంతా వాడే ఉచిత కోడ్ రాసేవాళ్లు, 1.0.1జి అని కొత్త వెర్షన్ వదిలారు. దాంతోపాటు ఒక లోపం గురించి చిన్న ప్రకటన, ఆ లోపం నంబరు సీవీఈ-2014-0160. మీ అందరికీ దాని ముద్దుపేరే తెలుసు, హార్ట్‌బ్లీడ్. గూగుల్లో పనిచేసే నీల్ మెహతా, ఫిన్లాండ్‌లో కోడెనోమికాన్ అనే కంపెనీ వాళ్లు, ఒకరికి తెలియకుండా ఒకరు అదే లోపాన్ని పట్టుకున్నారు. ఎర్ర గుండెకాయ, కింద రక్తం కారుతున్న బొమ్మ, దానికో వెబ్‌సైట్. ఒక బగ్గుకి లోగో వెయ్యడం నేను చూసింది అప్పుడే.

లోపం ఏమిటో తెలియనివాళ్లు ఉంటారు, చెప్తాను. తెలిసినవాళ్లు రెండు నిమిషాలు ఫోన్ చూసుకోండి.

రెండు కంప్యూటర్లు టీఎల్ఎస్‌లో, అంటే మధ్యలోవాళ్లు చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతిలో, మాట్లాడుకుంటున్నాయి. కాసేపు ఏ మాటా లేదు. అవతలివాడు ఉన్నాడా పోయాడా? మనం ఫోన్లో 'హలో, లైన్లో ఉన్నావా' అంటాం చూడండి, అదే హార్ట్‌బీట్. నేను ఒక మాట పంపుతాను, అదే మాట నువ్వు తిరిగి పంపాలి. పంపేటప్పుడు నా మాట ఎంత పొడవో కూడా నేనే చెప్తాను. అంతే పద్ధతి. 2012లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6520 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రంలో రాసి ఉంటుంది.

ఇప్పుడు మన రైల్వే స్టేషన్లో క్లోక్‌రూమ్ అనుకోండి. మీరు ఒక్క సంచీ తీసుకెళ్లి ఇచ్చారు. చీటీ మీద మాత్రం 'నావి 40 సామాన్లు' అని రాశారు. గుమాస్తా లెక్కపెట్టలేదు. మీ సంచీని అరలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టాడు. వెంటనే మీరు 'నా సామాను ఇచ్చెయ్యండి' అన్నారు. ఆయన చీటీ చూశాడు, 40 అని ఉంది, మీ సంచీ దగ్గర మొదలుపెట్టి వరసగా 40 తీసి మీ చేతిలో పెట్టాడు. మీది ఒకటి, మిగతా 39 ఎవరివో. వాటిలో ఎవరివి వస్తాయో మీరు ఎంచుకోలేరు, నిజమే. కానీ మళ్లీ వెళ్లొచ్చు, ఇంకోసారి వెళ్లొచ్చు, లక్ష సార్లు వెళ్లొచ్చు. రిజిస్టర్లో ఏం రాస్తాడు? 'ఒకాయన వచ్చి సామాను పెట్టి తీసుకెళ్లాడు.' అంతే. దొంగతనం జరిగినట్టు ఎక్కడా ఉండదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పొడవు రాయడానికి రెండు బైట్లు ఇచ్చారు కాబట్టి ఒక్కసారికి 64 కిలోబైట్ల దాకా లాగొచ్చు. సర్వర్ మెమరీలో అప్పుడు ఏది ఉంటే అది. యూజర్ల పాస్‌వర్డ్‌లు, కుకీలు, మెయిల్ ముక్కలు. ఒక్కోసారి స్టేషన్ మాస్టర్ గారి తాళంచెవుల గుత్తి, అంటే సర్వర్ ప్రైవేట్ కీ, సర్వర్ ఒక్కదాని దగ్గరే ఉండాల్సిన రహస్య కీ.

మరి దిద్దుబాటు ఎంత పెద్దది? ఇంజినీరింగ్ పిల్లలూ, ఇది మీ కోసం. ఒక బైటు రకానికి, రెండు బైట్లు పొడవుకి, వాడు చెప్పుకున్న పొడవు, చివర కనీసం పదహారు బైట్ల పాడింగ్, అంటే ఊరికే నింపే బైట్లు. ఈ నాలుగూ కూడితే నిజంగా వచ్చిన రికార్డు కన్నా ఎక్కువ తేలిందా, వదిలెయ్, బదులివ్వకు. అంతే ప్యాచ్. ఇదే చెక్కు టీఎల్ఎస్‌కి ఒక ఫైల్లో, దాని తోబుట్టువు డీటీఎల్ఎస్‌కి ఇంకో ఫైల్లో. తమాషా ఏమిటంటే పొడవు అబద్ధమైతే చప్పుడు చెయ్యకుండా పారెయ్యాలని ఆర్‌ఎఫ్‌సీలో ముందే రాసి ఉంది. ఆ ఆర్‌ఎఫ్‌సీ రాసినవాళ్లలో ఒకాయనే ఈ కోడూ రాశాడు! అది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోకి చేరింది 2011 డిసెంబర్ 31 రాత్రి. 2012 మార్చిలో 1.0.1గా బయటికొచ్చింది. రెండేళ్ల పైన ఎవరూ చూడలేదు.

ఆయన్ని తిట్టాలని చెప్పడం లేదు. ప్రపంచంలో ఎన్నో డబ్బు లావాదేవీలు ఎవరి కోడ్ మీద నడుస్తున్నాయో వాళ్లకి అప్పట్లో ఏడాదికి వచ్చే విరాళాలు దాదాపు 2,000 డాలర్లట, పూర్తి సమయం దాని మీదే కూర్చున్న మనిషి ఒక్కడట. వినాయక చవితికి మా వీధి కుర్రాళ్లు అంతకన్నా ఎక్కువ చందా వసూలు చేస్తారు. ఇది బయటపడ్డాక లైనక్స్ ఫౌండేషన్ పెద్ద కంపెనీలని కూర్చోబెట్టి డబ్బు పెట్టించింది, అది వేరే కథ.

సరే, నా కథకి వస్తా. అప్పట్లో నేను వన్‌టౌన్‌లో, పోర్టు పక్కన ఒక సరుకు రవాణా ఆఫీసులో పనిచేసేవాణ్ణి. పేరు అనవసరం. డెబియన్ అనే లైనక్స్ మీద నడిచే సర్వర్ ఒకటి, దాని మీద బిల్లింగ్ వెబ్‌సైట్, మెయిలు, కాకినాడ, చెన్నై బ్రాంచీలతో ఎన్‌క్రిప్షన్ మీద కలిపే ఓపెన్‌వీపీఎన్ ప్రోగ్రాం. అన్నీ ఒక్క డబ్బాలోనే. నవ్వకండి, మీలో సగం మంది ఆఫీసుల్లో ఇప్పటికీ అంతే.

పండగ రోజు పొద్దున్నే అక్కయ్యపాలెం నుంచి బండి మీద ఆఫీసుకెళ్లా. అప్‌డేట్ కొట్టా. కొత్త ప్యాకేజీ దిగింది, ఎర్రర్ ఏమీ రాలేదు. మేనేజర్ గారికి ఫోన్ చేసి 'సార్, ప్యాచ్ వేసేశా' అన్నా. అరగంట పని. ఇంటికొచ్చి పందిట్లో పానకం, వడపప్పు, కల్యాణం చూసి హాయిగా పడుకున్నా.

సాయంత్రం ఒక స్నేహితుడు ఫోన్ చేశాడు. లోపం ఉందో లేదో పరీక్ష చేసే పేజీ ఒకటి వచ్చింది, చూసుకో అని. చూసుకుందాం, పోయేదేముంది, మనం వేసేశాం కదా! మా సైటు పేరు కొట్టాను. ఎర్ర రంగు వచ్చింది. లోపం ఉంది.

ఎలా? ఎవరైనా చెప్పండి. ఆ, వెనక ఆ అమ్మాయి కరెక్టుగా చెప్పింది. రీస్టార్ట్ చెయ్యలేదు.

క్లోక్‌రూమ్‌లోకే మళ్లీ రండి. పైఆఫీసు నుంచి కొత్త రూలు వచ్చింది, 'సామాను లెక్కపెట్టి తీసుకోవాలి' అని. నోటీసు గోడకి అంటించారు. కానీ పొద్దున డ్యూటీ ఎక్కిన గుమాస్తా పాత రూలు బుర్రలో పెట్టుకుని కూర్చున్నాడు, ఆయన తలెత్తి గోడ చూడడు. షిఫ్టు మారే దాకా పాత రూలే. లైనక్స్‌లో సరిగ్గా ఇదే జరుగుతుంది. డిస్క్ మీద లైబ్రరీ ఫైలు మారిపోతుంది, కానీ నెలల క్రితం లేచిన అపాచీ, అంటే వెబ్‌సైటు నడిపే ప్రోగ్రాం, పాత ఫైలుని మెమరీలో పట్టుకునే ఉంటుంది. పేరు చెరిగిపోయినా, పట్టుకున్న ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం, వదిలే దాకా ఆ పాత ఫైలు బతికే ఉంటుంది. ఏ ప్రాసెస్ ఏ ఫైలు పట్టుకుందో చూపించే ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్ కొట్టి చూడండి, ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ పక్కన 'డెల్' అని కనిపిస్తే ఆ ప్రాసెస్ ఇంకా పాత షిఫ్టులోనే ఉన్నట్టు.

ఇది నాకొక్కడికే జరిగిందని సిగ్గుపడ్డా చాలా రోజులు. తర్వాత తెలిసింది, డెబియన్ వాళ్లే మొదటి ప్యాచ్ వెనకాలే ఇంకో అప్‌డేట్ వదిలారు. అందులో లోపం దిద్దడం కొత్తగా ఏమీ లేదు, 'ఈ ఈ సర్వీసులు రీస్టార్ట్ చెయ్యనా' అని అడగడం ఒక్కటే కొత్త. అంటే లోకమంతా నాలాగే పానకం తాగడానికి వెళ్లిపోయిందన్నమాట.

మేనేజర్ గారికి మళ్లీ ఫోన్ చేశా, సర్వీసులు ఒకసారి ఆపాలి సార్ అని. 'ఏటయ్యా, పొద్దున్న అయిపోయిందన్నావు, మళ్లీ ఏటిది? రాత్రికి షిప్పు లోడింగు ఉంది, బిల్లింగు ఆపితే ఎలా?' ఆయన తప్పు కాదది. అయిపోయిందని చెప్పింది నేనే. ఒకసారి అయిపోయిందన్నాక మళ్లీ పర్మిషన్ దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. అందుకే ఇప్పుడు నేను ప్యాకేజీ దిగినప్పుడు 'మొదలెట్టా' అంటాను.

ఇక్కడ ఇంకో గొడవ చెప్పి ముందుకెళ్తా. దిద్దిన వెర్షన్ 1.0.1జి అన్నారు. నా డెబియన్‌లో ప్యాచ్ వేశాక కూడా 1.0.1ఈ అనే చూపిస్తోంది. మా చెన్నై ఆడిటర్ గారు మెయిల్ పెట్టారు, మీరు ఇంకా పాతదే వాడుతున్నారు అని. డెబియన్, రెడ్ హ్యాట్ లాంటివాళ్లు వెర్షన్ మార్చరు, ఉన్నదానికే అతుకు వేసి చివర తమ నంబరు పెంచుతారు. డెబియన్ వీజీ అనే వెర్షన్లో దిద్దింది 'డెబ్7యూ5'. ఆ తోక చూడాలి. ఆయనకి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు మూడు మెయిళ్లు పట్టాయి. దీనికి తిరకాసు ఏమిటంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఇంకా పాతదైన 0.9.8 వాడుతున్నవాళ్లకి అసలు ఈ లోపమే లేదు, హార్ట్‌బీట్ దాన్లో లేనే లేదు. బద్ధకస్తులు బతికిపోయారు. దాన్నుంచి పాఠం నేర్చుకోకండి దయచేసి.

రీస్టార్ట్ అయింది, పరీక్ష పేజీ పచ్చరంగు చూపించింది. ఇప్పుడైనా అయిపోయిందా?

కాలేదు. రెండేళ్లుగా తలుపు తెరిచి ఉంది. ఎవరైనా వచ్చారా? రిజిస్టర్లో ఉండదని ఇందాకే చెప్పా. అపాచీ లాగులో హార్ట్‌బీట్ ఊసే ఉండదు. తాళంచెవి పోయిందో లేదో తెలియదు. మొదటి రెండు మూడు రోజులు చాలామంది, మంచి తెలివైనవాళ్లే, ప్రైవేట్ కీ ఇలా బయటికి రావడం కష్టం అన్నారు. క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీకీ ఆ నమ్మకం ఉంది, అయినా పందెంలాగా ఒక లోపమున్న సర్వర్ ఏప్రిల్ 11న బయట పెట్టి, దమ్ముంటే కీ తియ్యండి అంది. అదే రోజు తీసేశారు. ముందు తీసింది ఫెడోర్ ఇందుత్నీ అనే కుర్రాడు, ఇరవై అయిదు లక్షల సార్లు అడిగాడు. ఆ వెనకే ఫిన్లాండ్ ఆయన ఒకరు లక్ష సార్లలోనే తీశాడు. లక్ష అంటే కంప్యూటర్‌కి ఎంత? మనం టీ తాగి వచ్చేలోపు పని.

కీ పోతే ఏమవుతుంది? వాడు మన సైటులాగా నటించొచ్చు. ఇంకోటి, ఫార్వర్డ్ సీక్రసీ, అంటే ప్రతి కనెక్షన్‌కీ విడి కీ వాడి పారేసే పద్ధతి, లేని కనెక్షన్లైతే ఎప్పుడో రికార్డు చేసి దాచుకున్న ట్రాఫిక్కు కూడా ఇప్పుడు విప్పి చదువుకోవచ్చు. 2014లో మా సర్వర్‌కి ఆ పదం కూడా తెలియదు. కాబట్టి కొత్త కీ, ఈ కీ మన సైటుదేనని చెప్పే కొత్త సర్టిఫికెట్, పాతది రద్దు, ఆ తర్వాత అందరి పాస్‌వర్డ్‌లు. ఈ వరస ముఖ్యం. మా అకౌంట్స్ మేడం టీవీలో చూసి మొదటి రోజే పాస్‌వర్డ్ మార్చేసుకున్నారు, నేనింకా రీస్టార్ట్ చెయ్యని సర్వర్లో. పాపం, కొత్త పాస్‌వర్డ్ కూడా ఆ కారే మెమరీలోకే వెళ్లింది. మళ్లీ మార్చమంటే నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

కొత్త సర్టిఫికెట్ దగ్గర నేను చేసిన వెధవ పని కూడా చెప్తా. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ల సైటుకెళ్లి 'రీఇష్యూ' నొక్కి, ఫోల్డర్లో పాత సీఎస్ఆర్ ఫైలు, అంటే మన కీతో తయారుచేసే సర్టిఫికెట్ దరఖాస్తు, ఉంటే అదే అతికించేశా. నిమిషంలో కొత్త సర్టిఫికెట్ వచ్చింది. తేదీ కొత్తది, నంబరు కొత్తది. కీ? పాతదే! సీఎస్ఆర్ పాతదైతే కీ పాతదే కదా. తలుపుకి కొత్త రంగు వేసి పాత తాళమే పెట్టినట్టు. ఆ రోజుల్లో ఈ పని చేసినవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు. నేను రెండు రోజుల తర్వాత పట్టుకున్నా, రెండు సర్టిఫికెట్ల మాడ్యులస్, అంటే కీలో ఉండే పెద్ద సంఖ్య, పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే. పాత సర్టిఫికెట్ రద్దు చెయ్యడానికి వాళ్లు విడిగా డబ్బులడిగారు. కట్టాం. కట్టి రద్దు చేయించినా చాలా బ్రౌజర్లు రద్దయిందో లేదో సరిగ్గా చూడవు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి, చివర్లో దీని మీదకే వస్తాను.

వీపీఎన్ సంగతి. మాకు ముందునుంచే టీఎల్ఎస్-ఆథ్ అనే అదనపు కీ పెట్టి ఉంది, దానివల్ల ఆ కీ లేని బయటివాళ్లు టీఎల్ఎస్ దాకా రాలేరు, కొంత నయం. కానీ బ్రాంచీల్లో విండోస్ లాప్‌టాప్‌లు, వాటి వీపీఎన్ ప్రోగ్రాం తన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తనే మోసుకొస్తుంది. సర్వర్లో ఎంత అప్‌డేట్ కొట్టినా దానికి చేరదు. పైగా ఈ లోపం రెండు వైపులా పనిచేస్తుంది, దొంగ సర్వర్ క్లయింట్ మెమరీని కూడా లాగొచ్చు. దూరం నుంచి సర్వర్లోకి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్‌కి మాత్రం అంటలేదు, అది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ నుంచి లెక్కల భాగమే తీసుకుంటుంది, టీఎల్ఎస్ జోలికి పోదు. వీపీఎన్ సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టే సీఏతో సహా మొత్తం కొత్తగా చేసి, కాకినాడ బస్సెక్కి వెళ్లి లాప్‌టాప్‌లు ఒక్కొక్కటీ మార్చి వచ్చా. ఏప్రిల్ నెల అలా గడిచింది. మేలో ఎన్నికలు, జూన్‌లో రాష్ట్రం రెండయింది, అందరూ మర్చిపోయారు, నేను కూడా.

ఇప్పుడు అసలు కథ. అక్టోబర్ 12. మళ్లీ అడగనా, ఏ రోజో? ఆ, ఇది ఎవరికీ చెప్పక్కర్లేదు. హుద్‌హుద్.

మా ఆఫీసు కిటికీలు రెండు ఊడి లోపల పడ్డాయి. సర్వర్ గది అని పేరే గానీ అది కిటికీ పక్కన ప్లైవుడ్ చెక్కలు కొట్టిన మూల. నీళ్లు పోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాలపాకెట్ కోసం క్యూలో నిలబడ్డ రోజులు. 14న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి, మిగతావాళ్లకి ఇంకో తలనొప్పి బయటపడింది, పూడిల్, టీఎల్ఎస్‌కి ముందు తరమైన పాత ఎస్‌ఎస్‌ఎల్ 3లో లోపం. లోకమంతా దాని గురించి మాట్లాడుతుంటే మనం కొవ్వొత్తి దగ్గర కూర్చుని ఫోన్ ఎక్కడ చార్జింగ్ పెట్టాలా అని చూస్తున్నాం. అది ఉందని నాకు వారం తర్వాత తెలిసింది.

జనరేటర్ దొరికాక వేరే డబ్బా మీద సర్వర్ లేపాం. డేటా రోజూ చెన్నైకి కాపీ వెళ్తుంది, అది క్షేమం. సిస్టమ్ మాత్రం నా ఇంట్లో ఒక బయటి డిస్క్ మీద మొత్తం ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు కాపీ, తీసి ఉంది. పెట్టా, లేచింది, డేటా ఎక్కించా, బిల్లింగ్ నడిచింది. మేనేజర్ గారు నా వీపు తట్టారు, తుపానులో కూడా నిలబెట్టావయ్యా అని. ఆ ఇమేజ్ తీసింది మార్చిలో.

అర్థమైంది కదా. హార్ట్‌బ్లీడ్ తిరిగొచ్చింది. దాంతో పాటు పాత కీ తిరిగొచ్చింది, మేం డబ్బు కట్టి రద్దు చేయించిన సర్టిఫికెట్టూ తిరిగొచ్చింది. బ్రౌజర్ ఒక్కటీ కిక్కురుమనలేదు, పచ్చతాళం బొమ్మ నిక్షేపంగా చూపించింది. ఎవరికీ తేడా తెలియలేదు. ఒక్కటే తేడా, కాకినాడ వీపీఎన్ కలవడం లేదు. కలవదు మరి, వాళ్ల దగ్గర కొత్త సీఏ, ఇక్కడ పాతది. నేనేమనుకున్నా? తుపాను కదా, కేబుల్ తెగి ఉంటుంది అనుకున్నా. నాలుగు రోజులు టెలిఫోన్ లైన్‌మన్‌ని సతాయించా. ఆయన పాపం స్తంభాలెక్కి దిగుతూనే, 'లైను బాగానే ఉందండి బాబూ' అని చెప్తూనే ఉన్నాడు. అయిదో రోజు లాగు తెరిస్తే 'సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్' అని వందల లైన్లు. మొదటి గంట నుంచీ అక్కడే ఉంది, నేనే చూడలేదు.

కుర్చీలో కూర్చుండిపోయా. ఏప్రిల్లో చేసిన పనంతా మళ్లీ మొదటి నుంచి చేశా. ఈసారి వరసలో చేశా.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, ఇప్పుడు హార్ట్‌బీట్ ఉందా? మేం భయపడాలా?

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1లో హార్ట్‌బీటే పీకేశారు, 2018లో. ఆ 1.1.1కి కూడా 2023 సెప్టెంబర్‌లో ఉచిత సపోర్ట్ అయిపోయింది తమ్ముడూ, మీ కాలేజీ ల్యాబ్‌లో ఏది ఉందో చూడు. హార్ట్‌బ్లీడ్ పోయిందని కూర్చోకు. 2024 జూలైలో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఒకటి బయటపడింది, రెగ్రెషన్, అంటే దిద్దిన లోపం తిరిగి రావడం, ఆ మాటనే మెలితిప్పి పేరు పెట్టారు దానికి. 2006లో దిద్దిన లోపమే, మధ్యలో ఎవరో కోడ్ సర్దుతూ ఆ దిద్దుబాటు తీసేస్తే మళ్లీ లేచింది. అంటే నా మార్చి ఇమేజ్ లాంటిదే, కాకపోతే లోకమంతటికీ.

ప్రశ్న: రీస్టార్ట్ చెయ్యడానికి పై వాళ్లు ఒప్పుకోకపోతే?

ప్యాచ్ వెయ్యక ముందే అడగండి, వేశాక కాదు. నేనైతే ఇప్పుడు ఒకటే మెయిల్ పెడతాను, ఫలానా రాత్రి ఇన్ని నిమిషాలు ఆగుతుంది, రేపు కీలు మారతాయి, ఎల్లుండి అందరూ పాస్‌వర్డ్ మార్చాలి అని. మూడు రోజుల పని అని ముందే చెప్తే తిట్లు ఒక్కసారే పడతాయి.

ప్రశ్న: ఆ మధ్యలో మీ కీ ఎవరైనా నిజంగా తీశారా సార్?

తెలియదమ్మా. ఏప్రిల్లో తెలియదు, అక్టోబర్లో తెలియదు, ఇప్పుడూ తెలియదు.

ప్రశ్న: ఆ డిస్క్ ఏం చేశారు?

మా ఇంట్లోనే ఉంది, బీరువా పైన. కొత్త ఇమేజ్ తీసి వేరే డిస్క్‌లో పెట్టా, ప్యాచ్ వేసిన ప్రతిసారీ అది కూడా మళ్లీ తీస్తా. పాత దాని మీద మార్కర్‌తో 'దీంతో లేపొద్దు' అని రాసి పెట్టా. చెరిపేద్దాం అని పన్నెండు సార్లు అనుకుని ఉంటా. టీ వచ్చినట్టుంది, లేవండి.